పురిటిబిడ్డల మెదడు మీద పరిశోధన చేయాలనుకుంటున్నారా? ఇలా మొదలుపెట్టండి

"పుట్టగానే ఏడవలేదండీ."

జిల్లా ఆస్పత్రిలో జబ్బుపడ్డ పురిటిబిడ్డల్ని ఉంచే ఎస్‌ఎన్‌సీయూ వార్డులో ఒక వారం కూర్చుంటే ఈ మాట ఎన్నిసార్లు వింటారో లెక్కుండదు. తల్లి ఇంకా లేబర్ రూమ్‌లోనో థియేటర్‌లోనో ఉంటుంది, తలుపు బయట నాన్న, అమ్మమ్మ నిలబడి ఉంటారు. మొదటి రోజు "బతుకుతాడా" అని అడుగుతారు. గండం గడిచిందని మనం చెప్పగానే రెండో ప్రశ్న వస్తుంది: "అందరి పిల్లల్లా ఉంటాడా మేడమ్?" మొదటి ప్రశ్నకు జవాబు చెప్పడం చాలావరకు నేర్చుకున్నాం, రెండోదానికి ఇంకా తడుముకుంటున్నాం. ఈ రంగమంతా ఆ రెండో ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

నేను నియోనేటాలజీలో, అంటే పురిటిబిడ్డల వైద్యంలో ఉన్నాను, వార్డు పనితోపాటు ఈ పరిశోధన చేస్తాను. ఎంబీబీఎస్ పిల్లలు, పీజీలు, ఈ మధ్య ఫిజియోథెరపీ చదివేవాళ్ళు కూడా "దీంట్లోకి రావాలంటే ఏం చేయాలి" అని అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ విడిగా చెబుతున్నదే ఇక్కడ రాస్తున్నాను. అన్నిటికన్నా ముందు ఒక మాట గుర్తుపెట్టుకోండి. ఈ పనిలో ఫలితం తేలేది బిడ్డ పుట్టిన రెండేళ్ళకు, అదీ మీ ఆస్పత్రికి వంద కిలోమీటర్ల అవతల ఏదో ఊళ్ళో. కాబట్టి మెషీన్లకన్నా ముందు నేర్చుకోవాల్సినవి రెండున్నాయి: బిడ్డను చేత్తో, కంటితో పరీక్ష చేయడం, ఆ కుటుంబంతో రెండేళ్ళపాటు సంబంధం తెగకుండా చూసుకోవడం.

చదువు సంగతి

డాక్టరుగా వచ్చే దారి పొడుగ్గానే ఉంటుంది. ఎంబీబీఎస్ ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నరేళ్ళు, నీట్ పీజీ రాసి ఎండీ పీడియాట్రిక్స్ మూడేళ్ళు, మళ్ళీ నీట్ ఎస్ఎస్ రాసి డీఎమ్ నియోనేటాలజీయో పీడియాట్రిక్ న్యూరాలజీయో ఇంకో మూడేళ్ళు, లేదంటే దానికి సమానమైన డీఆర్‌ఎన్‌బీ. ఇవన్నీ కోచింగ్ సెంటర్లవాళ్ళు నాకన్నా వివరంగా చెబుతారు. వాళ్ళు చెప్పనిది ఏమిటంటే డాక్టరు కాకుండా కూడా ఇందులో పెద్ద పని చేయొచ్చు. మెదడు విద్యుత్తును నమోదు చేసే ఈఈజీ సిగ్నల్‌ని విడదీసి చూడగల ఇంజనీరు, ఎమ్ఆర్ఐ ఫిజిక్స్ తెలిసినవాళ్ళు, పిల్లల ఎదుగుదల పరీక్షలు చేసే సైకాలజిస్టు, ఫిజియోథెరపిస్టు, స్టాటిస్టిక్స్ వాళ్ళు, రీసెర్చ్ నర్సు, వీళ్ళలో ఏ ఒక్కరు లేకపోయినా స్టడీ కుంటుతుంది. 1980ల్లో లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఓస్మండ్ రెనాల్డ్స్ అనే పిల్లల డాక్టరు, డేవిడ్ డెల్పీ అనే మెడికల్ ఫిజిక్స్ ఆయన కలిసి పనిచేయబట్టే, పసిబిడ్డ తల మీద కాంతి పంపించి లోపల మెదడుకు ఆక్సిజన్ ఎంత అందుతోందో కొలవడం ఆస్పత్రి మంచం దగ్గరికి వచ్చింది.

ఎంబీబీఎస్‌లో ఉన్నవాళ్ళు కేంద్ర వైద్య పరిశోధన సంస్థ ఐసీఎంఆర్ వాళ్ళు విద్యార్థుల పరిశోధనకిచ్చే ఎస్‌టీఎస్‌కి తప్పకుండా అప్లై చేయండి. రెండు నెలల చిన్న ప్రాజెక్టే, కానీ ప్రపోజల్ రాయడం, ఎథిక్స్ కమిటీ ముందుకు వెళ్ళడం, రిపోర్టు గడువులోగా ఇవ్వడం, ఈ మూడూ ఇరవై ఏళ్ళ వయసులోనే అలవాటవుతాయి. తర్వాతి దశలో ఫెలోషిప్పుల కోసం ఐసీఎంఆర్, డీబీటీ (కేంద్ర బయోటెక్నాలజీ శాఖ) ప్రకటనలతోపాటు పరిశోధనలకు నిధులిచ్చే ఇండియా అలయన్స్‌ని కూడా గమనిస్తూ ఉండండి, వాళ్ళ ఆఫీసు మన హైదరాబాద్‌లోనే ఉంది.

ముందు కన్ను, చెయ్యి

కొత్తగా చేరినవాళ్ళు నేరుగా ఎమ్ఆర్ఐ గురించి అడుగుతారు. కొంచెం ఆగమంటాను. ఊపిరందక మెదడు దెబ్బతిన్న బిడ్డల్ని మూడు దశలుగా విడదీసే పద్ధతి ఒకటుంది, ఈ రోజుకీ ప్రపంచమంతా డాక్టర్లు వార్డులో వాడేది. దాన్ని 1976లో హార్వీ సార్నాట్, మార్గరెట్ సార్నాట్ రాశారు. ఎంతమంది బిడ్డల్ని చూసి రాశారో తెలుసా? 21 మందిని. కానీ ఆ 21 మందినీ మళ్ళీ మళ్ళీ పరీక్ష చేశారు: మెలకువ ఎలా ఉంది, కండరాల బిగువు ఎలా ఉంది, కంటిపాప ఎంత ఉంది, చప్పరిస్తున్నాడా, ఫిట్స్ వచ్చాయా, ఈఈజీ ఏమంటోంది. ఆ పేపర్ వచ్చిన రెండేళ్ళకు, 1978లో, అమెరికాలో లూ-ఆన్ పపీల్ అనే డాక్టరు, 1500 గ్రాములకన్నా తక్కువ బరువుతో పుట్టిన 46 మంది బిడ్డలకు వరసగా సీటీ స్కాన్ తీయించింది. 20 మంది మెదడులో రక్తస్రావం కనబడింది. బయటికి ఏ లక్షణమూ లేకపోయినా లోపల రక్తస్రావం జరిగి ఉండొచ్చని, లక్షణాల కోసం ఎదురుచూస్తూ కూర్చోకూడదని అప్పుడు అర్థమైంది. ఆమె పెట్టిన నాలుగు గ్రేడ్లే ఈ రోజుకీ అల్ట్రాసౌండ్ రిపోర్టుల్లో రాస్తున్నాం. వేలమంది బిడ్డలు ఉంటేనే పరిశోధన అనుకునేవాళ్ళకు ఈ రెండు పేపర్లూ చదివిస్తాను.

కాబట్టి మీరు చేయాల్సింది ఇది. ఎన్ఐసీయూలో (పురిటిబిడ్డల ఐసీయూలో) పోస్టింగ్ పడ్డ రోజు నుంచి రోజుకు ఒక్క బిడ్డను, వీలైతే ఒకే వేళకు, పాలు తాగిన గంట గంటన్నరకు, పూర్తిగా పరీక్ష చేసి రాసుకోండి. అందుకు డ్యూబోవిట్జ్ దంపతుల పరీక్ష మంచిది, బొమ్మలతో ఉంటుంది. జబ్బు ఉన్న బిడ్డనే చూడకండి, తల్లి పక్కన హాయిగా పడుకున్న ఆరోగ్యమైన బిడ్డల్ని కనీసం వందమందిని చూడండి, మామూలు ఎలా ఉంటుందో చేతికి తెలియకపోతే తేడా ఎప్పటికీ తెలియదు. టేపుతో తల చుట్టుకొలత సరిగ్గా తీయడం నేర్చుకోండి. నెలలు నిండిన బిడ్డకు పుట్టినప్పుడు 34, 35 సెంటీమీటర్ల దగ్గర ఉండేది ఏడాదికి 46 దాకా పెరగాలి, ఆ పెరుగుదల ఆగిందంటే లోపల మెదడు ఎదగడం లేదని పది రూపాయల టేపు మీకు చెబుతుంది.

తర్వాత బిడ్డ కదలికలు చూడడం. హైన్జ్ ప్రెక్టల్ అనే ఆయన ఇంకేం చేయకుండా బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టి, ఎవరూ తాకకుండా, పలకరించకుండా, కొన్ని నిమిషాలు వీడియో తీసి చూడమన్నాడు. మూడు నుంచి ఐదు నెలల వయసులో ఆరోగ్యమైన బిడ్డ మెడ, భుజాలు, మణికట్లు, నడుము, మడమలు అన్నీ చిన్నచిన్నగా, ఆగకుండా, అన్ని దిక్కులకూ కదులుతుంటాయి. ఆ చిన్న కదలికలు అసలే లేకపోతే సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బ వల్ల కాళ్ళూచేతులూ సరిగ్గా కదలని స్థితి) వచ్చే అవకాశం చాలా ఎక్కువ. ఇది చూడడానికి ఫోన్ కెమెరా చాలు, కానీ చూసే కన్నుకు శిక్షణ కావాలి, దానికి కోర్సులున్నాయి, డబ్బు కూడబెట్టుకుని అయినా చేయండి. తల మీద మాడు దగ్గర ప్రోబ్ పెట్టి అల్ట్రాసౌండ్ చేయడం కూడా మీరే నేర్చుకోండి, రేడియాలజీవాళ్ళు వచ్చేదాకా ఆగొద్దు. నెలలు నిండని పిల్లల్లో రక్తస్రావం చాలావరకు మొదటి మూడు రోజుల్లోనే జరుగుతుంది. ఇవన్నీ వచ్చాక ఈఈజీ, ఎమ్ఆర్ఐ దగ్గరికి వెళ్ళండి, అప్పుడు అవి మీకు అర్థమయ్యే భాషలో మాట్లాడతాయి.

ప్రశ్న ఎలా పట్టుకోవాలి

ఇక్కడ కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే చాలామంది థీసిస్ టాపిక్ సీనియర్ల జాబితాలోంచి ఎంచుకుని, మూడేళ్ళ తర్వాత దాన్ని బీరువాలో పెట్టి మర్చిపోతున్నారు.

చల్లబరిచే చికిత్స కథ వినండి. ఊపిరందని బిడ్డ మెదడు ఒక్కసారిగా పాడైపోదు. రెనాల్డ్స్ బృందం 80ల్లో, కణాల్లోని రసాయనాలను బయటి నుంచే కొలిచే మాగ్నెటిక్ రెసొనెన్స్ స్పెక్ట్రోస్కోపీతో చూసినదేమిటంటే, బిడ్డకు ఊపిరి అందించగానే మెదడు కణాల శక్తి తిరిగి మామూలు స్థాయికి వస్తుంది, కొన్ని గంటలు బాగానే ఉంటుంది, ఆ తర్వాత ఒకటి రెండు రోజుల్లో మళ్ళీ కుప్పకూలుతుంది. అంటే మధ్యలో ఒక గడువు ఉంది. ఆ గడువులో ఏం చేయొచ్చు? 90ల్లో లండన్‌లో పందిపిల్లల మీద, న్యూజిలాండ్‌లో అలిస్టర్ గన్ బృందం గర్భంలోని గొర్రెపిల్లల మీద మెదడును కొన్ని డిగ్రీలు చల్లబరిచి చూస్తే నష్టం తగ్గింది. 2005లో బిడ్డల మీద రెండు పెద్ద ట్రయల్స్ ఫలితాలు వచ్చాయి, 2009లో 325 మంది బిడ్డలతో బ్రిటన్ టోబీ ట్రయల్ వచ్చింది. పుట్టిన ఆరు గంటల్లోపు మొదలుపెట్టి, ఒంటి వేడిని 33.5 డిగ్రీల దగ్గరికి దించి, 72 గంటలు అలాగే ఉంచడం ధనిక దేశాల్లో మామూలు వైద్యం అయిపోయింది. టోబీ పిల్లల్ని ఆరేడేళ్ళ వయసులో మళ్ళీ పిలిచి చూస్తే, బతికి, ఐక్యూ 85కి తగ్గకుండా ఉన్నవాళ్ళు చల్లబరిచిన వైపు 52 శాతం, రెండోవైపు 39 శాతం. ఒక గమనిక చికిత్సగా మారడానికి పాతికేళ్ళు పట్టింది.

మన దగ్గర కూడా ఇదే చేసేద్దాం అని అందరం అనుకున్నాం. నేనూ అనుకున్నాను. అప్పుడు సుధీన్ తయ్యిల్ నాయకత్వంలో హెలిక్స్ ట్రయల్ జరిగింది: భారత్, శ్రీలంక, బంగ్లాదేశ్‌లలో ఏడు పెద్ద ఆస్పత్రులు, 408 మంది బిడ్డలు. 2021లో ఫలితం వచ్చింది. చల్లబరిచిన బిడ్డల్లో 42 శాతం చనిపోయారు, మామూలు వైద్యం పొందినవాళ్ళలో 31 శాతం. మరణమో వైకల్యమో కలిపి చూస్తే 50, 47 శాతం, అంటే లాభం లేదు, ప్రాణనష్టం ఎక్కువైంది. ఆ పేపర్ చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎందుకిలా అయింది అన్నది ఇంకా చర్చలోనే ఉంది. మన బిడ్డల్లో దెబ్బ కాన్పుకు చాలా గంటల ముందే మొదలవుతోందేమో, మెదడులో వేరే భాగాలు దెబ్బతింటున్నాయేమో అన్నది ఒక బలమైన అనుమానం. చూడండి, ఎన్ని ప్రశ్నలున్నాయో ఇందులో! కాన్పు నొప్పులు ఎన్ని గంటలు పడ్డారు, నొప్పులు పెంచే ఇంజక్షన్ ఎవరిచ్చారు, బిడ్డ గుండె చప్పుడు ఎప్పుడెప్పుడు విన్నారు, తల్లికి రక్తం ఎంత ఉంది, ఏ ఆస్పత్రి నుంచి ఏ బండిలో తెచ్చారు, దారిలో ఒళ్ళు చల్లబడిందా, షుగర్ పడిపోయిందా. ఇవి మన వార్డులోనే, మన కేస్ షీట్లలోనే ఉన్నాయి, సరిగ్గా రాస్తే. మంచి ప్రశ్న కావాలంటే నేను చెప్పేది ఒక్కటే: మీ దగ్గరికి వచ్చిన చివరి యాభై మంది బిడ్డల రికార్డులు తీసి, ఏ కాలమ్ ఎక్కువసార్లు ఖాళీగా ఉందో చూడండి. అక్కడ తవ్వండి.

ఇంకో సంగతి. ప్రశ్న రాసుకున్న రోజే స్టాటిస్టిక్స్ వాళ్ళ దగ్గరికి వెళ్ళండి, డేటా అంతా అయిపోయాక కాదు. ట్రయల్ అయితే మొదటి బిడ్డను చేర్చుకోకముందే దేశంలోని ట్రయల్స్ నమోదయ్యే సీటీఆర్ఐలో రిజిస్టర్ చేయాలి, పీజీ థీసిస్ అయినా సరే. లాభం లేదని తేలినా అచ్చు వేయాలి. హెలిక్స్ వాళ్ళు ఆ ఫలితాన్ని దాచుకుని ఉంటే ఎంతమంది బిడ్డల్ని మనం ఇంకా చల్లబరుస్తూ ఉండేవాళ్ళమో ఆలోచించండి.

సంతకం తీసుకునే ముందు

ఆరు గంటల గడువున్న చికిత్స మీద స్టడీ అంటే, భయంతో వణికిపోతున్న మనుషుల్ని అనుమతి అడగడం. సంతకం నాన్న పెడతాడు, నిర్ణయం చాలాసార్లు అమ్మమ్మదో నానమ్మదో, తల్లికి ఇంకా మత్తు దిగి ఉండదు. కాగితం మీదున్న పుస్తకాల తెలుగు చదివి వినిపించేసి అయిపోయిందనుకోవద్దు. కుర్చీ వేయించండి, మంచినీళ్ళివ్వండి, కూర్చోబెట్టి మాట్లాడండి. "ఈ రెండు పద్ధతుల్లో ఏది మంచిదో మాకూ ఇంకా తెలియదు, చీటీ వేసినట్టు కంప్యూటరే చెబుతుంది, వద్దంటే కూడా బిడ్డకు జరగాల్సిన వైద్యం అంతా జరుగుతుంది" అని చెప్పండి, తర్వాత వాళ్ళకు ఏం అర్థమైందో వాళ్ళ మాటల్లో చెప్పమనండి. వాళ్ళ నోట "పెద్ద వైద్యం చేస్తారంట" అన్న మాట వస్తే అర్థం కాలేదన్నమాట, మళ్ళీ మొదటి నుంచి చెప్పండి. తల్లి లేచి కూర్చున్నాక ఆమెకు వేరుగా చెప్పండి, ఆమె వద్దంటే గౌరవించండి. "బుద్ధిమాంద్యం" లాంటి మాటలు మొదటి రోజుల్లో వాడకండి, ఆ మాట ఆ ఇంట్లో ఏళ్ళ తరబడి ఉండిపోతుంది.

రెండేళ్ళు వెంట ఉండడం

హెలిక్స్‌లో 408 మందిలో 394 మంది ఫలితం తెలిసింది. పధ్నాలుగు మందే తప్పిపోయారు. నన్నడిగితే ఆ ట్రయల్‌లో అన్నిటికన్నా గొప్ప అంకె అదే. వందమంది తప్పిపోయి ఉంటే ఆ ఫలితాన్ని ఎవరూ నమ్మాల్సిన పనిలేదు, తప్పిపోయినవాళ్ళలో బాగున్నవాళ్ళే ఎక్కువో, చనిపోయినవాళ్ళే ఎక్కువో ఎవరికి తెలుసు?

నా మొదటి స్టడీలో ఇక్కడే దెబ్బతిన్నాను. అడ్రస్ కాలమ్‌లో రాసుకున్నవన్నీ పుట్టింటి ఊళ్ళు. కాన్పుకు పుట్టింటికి వచ్చిన అమ్మాయి నాలుగైదు నెలలకు అత్తారింటికి వెళ్ళిపోతుందని నాకు తెలియనిదా? తెలుసు, ఫారమ్‌లో ఆ గడి పెట్టలేదు, అంతే. ఏడాది తర్వాత ఫోన్ చేస్తే సగం నంబర్లు పనిచేయలేదు. అప్పటి నుంచి పద్ధతి మార్చాను, మీరూ మొదటి రోజు నుంచే ఇలా చేయండి.

నంబర్లు నాలుగు తీసుకోండి: తల్లిది, తండ్రిది, పుట్టింట్లో ఒకరిది, అత్తారింట్లో ఒకరిది. అక్కడికక్కడే నాలుగూ మోగించి చూడండి. ఊళ్ళు రెండూ రాయండి, రెండు ఊళ్ళ ఆశా కార్యకర్తల పేర్లూ, నంబర్లూ. ఆస్పత్రిలో కాన్పయిన బిడ్డ ఇంటికి ఆశా అక్క 42 రోజుల్లోపు ఆరుసార్లు వెళ్తుంది, ఆమెకు తెలియకుండా ఆ ఇంట్లో ఏదీ జరగదు. బిడ్డకు మన రికార్డులో పేరు ఉండదు, "బేబీ ఆఫ్ ఫలానా" అని ఉంటుంది, బారసాల అయ్యాక పేరు వస్తుంది, స్కాన్ ఒక పేరుతో, ఫాలోఅప్ కార్డు ఇంకో పేరుతో ఉండి, కవలలైతే ఎవరి స్కాన్ ఎవరిదో తేలక తలపట్టుకోవాల్సి వస్తుంది. స్టడీ నంబరు తల్లీబిడ్డల కార్డు మీద మొదటి రోజే రాసేయండి, ఆ కార్డును మాత్రం ఏ తల్లీ పారేయదు.

పిలిచే తేదీలను టీకాలతో కలపండి. 14 వారాల టీకాకు వచ్చే రోజు ప్రెక్టల్ చెప్పిన కదలికలు చూడడానికి సరిగ్గా సరిపోతుంది, 9 నెలల టీకా ఒకటుంది, 16 నుంచి 24 నెలల మధ్య బూస్టర్ వేసే రోజు పెద్ద పరీక్షకు సరిపోతుంది. నెలలు నిండకుండా పుట్టినవాళ్ళకు వయసు సరిచేసి లెక్కపెట్టండి: 28 వారాలకే పుట్టిన బిడ్డ పన్నెండు వారాలు ముందొచ్చాడు, కాబట్టి ఏడాది నిండిన రోజున మీ దృష్టిలో వాడికి తొమ్మిది నెలలే, ఇది తల్లికి కూడా చెప్పండి, ఇంకా అడుగులేయట్లేదని బెంగపెట్టుకుంటుంది. రెండేళ్ళ పరీక్షకు, ఎదుగుదలను కొలిచే బేలీ స్కేళ్ళు గానీ మన దేశపు పిల్లలతో తయారైన డీఏఎస్ఐఐ గానీ వాడతారు. పరీక్ష చేసేవాళ్ళకు బిడ్డ ఏ గ్రూపులో ఉన్నాడో తెలియకూడదు, పరీక్ష తెలుగులో, బిడ్డ ఇంట్లో వినే మాటల్లో జరగాలి.

బడ్జెట్‌లో బస్సు చార్జీలు, ఆ రోజు పోయిన కూలి రాయడం మర్చిపోవద్దు. పాలమూరు, అనంతపురం వైపు కుటుంబాలు వలస వెళ్ళే నెలల్లో ఎంత పిలిచినా రాలేరు, పండక్కి ఊరికొచ్చే రోజులు చూసి పిలవండి, లేదంటే మీరే వెళ్ళండి. ఎదుగుదలలో తేడా కనబడితే స్కోరు రాసుకుని పంపించేయడం అన్యాయం. జిల్లాలో డీఈఐసీ (ఎదుగుదల లోపాలకు చిన్నప్పుడే చికిత్స చేసే కేంద్రం) ఎక్కడుందో కనుక్కోండి, 2013లో మొదలైన పిల్లల ఆరోగ్య పథకం ఆర్‌బీఎస్‌కే కింద పెట్టిన కేంద్రాలవి, ఆ థెరపిస్టుతో ముందే మాట్లాడి పెట్టుకోండి, బిడ్డను మీ చేత్తో అప్పగించండి.

ఒక్కోసారి ఫోన్ ఎత్తి "పోయాడమ్మా, ఆర్నెల్లయింది" అంటారు. ఎలా తయారై వెళ్ళినా ఆ కాల్‌కి సిద్ధంగా ఉండలేం. వెంటనే తేదీ, కారణం అడగకండి. వాళ్ళు చెప్పాలనుకున్నంత సేపు వినండి. తర్వాత రాసుకోవచ్చు. ఈ కాల్స్ జూనియర్ల మీదకు తోసే యూనిట్లు కొన్నున్నాయి, మీరు పెద్దయ్యాక అలా చేయొద్దు, ఆ రోజు కాల్స్ చేసిన అమ్మాయితో కూర్చుని టీ తాగి ఇంటికి పంపండి.

ఈ వారమే మొదలుపెట్టాలని ఉంటే ఒక పని చెబుతాను. దగ్గర్లో ఉన్న హై రిస్క్ బేబీ ఓపీకో, డీఈఐసీకో వెళ్ళి, అక్కడి డాక్టరు అనుమతి తీసుకుని, పొద్దుట నుంచి మధ్యాహ్నం దాకా ఒక మూల కూర్చోండి. ఫోన్ తీయకండి, ఏమీ రాసుకోకండి. బిడ్డనెత్తుకుని లోపలికొచ్చిన ప్రతి తల్లీ మొట్టమొదట ఏం అడుగుతుందో వినండి. ఇంటికొచ్చాక ఆ ప్రశ్నలన్నీ ఆమె అన్న మాటల్లోనే ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి.